పుప్పొడి తూకము

నింద మోపుట సులభము. మోపిన నిందను తూచి చూచుట కష్టము. మన యిండ్లలో ఏదేని కీడు సంభవించినప్పుడు కారణమును వెదకుటకు ముందే దోషి నొకనిని నిర్ణయించుకొందుము. దోషి దొరకినంతనే మనస్సు కుదుటపడును. కారణము దొరకినదా లేదా యని పిదప నెవ్వరును విచారింపరు. పూర్వులు గ్రహములను, దిష్టిని, గ్రామదేవత యాగ్రహమును దోషులుగా నిలిపిరని మనము నవ్వుదుము. చదువుకొన్న మనము ఈ విషయమున వారికంటె నెంత మేలుగా నున్నాము? ఈ ప్రశ్న వేసికొనవలసిన సందర్భ మొకటి గడచిన మాఘమాసమున భావనపాటిలో మాకు తటస్థించినది. అందు నింద మోపినవారము మేమే గావున ఈ కథను చెప్పుటకు మాకు కొంత సిగ్గుగా నున్నది. అయినను చదువరులకు ఉపయోగపడునని చెప్పుచున్నాము.

భావనపాడు శ్రీకాకుళము జిల్లాలో టెక్కలికి తూర్పుదిక్కున సముద్రపుటొడ్డున నున్న గ్రామము. ఒకవంక నౌపడ ఉప్పుమళ్లు, ఒకవంక జాలరుల పడవలు, నడుమ నిసుక. మా తాతలనాటి యిల్లు ఈ యిసుకనేలమీదనే యున్నది. ఇంటికిని సముద్రమునకును నడుమ మా తండ్రిగారు నాటించిన సరుగుడుచెట్లు అరువదివఱకు కలవు. మా ప్రాంతమువారు వీనిని సరివి యందురు. అవి లేనియెడల ప్రతి వేసవిలోను ఇసుక మా వాకిటిలోనికి వచ్చి కూర్చుండును. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరితోటలను, జీడితోటలను పడగొట్టిననాడు ఈ సరివివరుసలో మూడవవంతు విఱిగినది గాని మా యింటికప్పు నిలిచినది. ఆ విఱిగినచోట్లలో మా అన్నగారు మరల మొక్కలు నాటించిరి.

మా వదినగారికి పదియేండ్లుగా ఆయాసము. మొదట చలికాలపు దగ్గుగా నుండెను. పిమ్మట మెట్లెక్కిన ఊపిరి సలుపకుండెను. తరువాత తెల్లవారుజామున లేచి కూర్చుండి రెండుచేతులు మోకాళ్లమీద మోపి గాలికొఱకు పెనుగులాడుట నిత్యకృత్యమైనది. కషాయములు త్రాగిరి. తాయెతులు కట్టించుకొనిరి. టెక్కలిలోని వైద్యుడొకరు పీల్చుమందు వ్రాసియిచ్చిరి. అది యలవాటైన విడువదని బంధువులెవ్వరో చెప్పగా ఆ మందు అలమరలోనే నిద్రించుచుండెను.

మేము ముప్పదియేండ్లు ఉన్నతపాఠశాలలో ప్రకృతిశాస్త్రము బోధించి విరమించినవారము. మాఘమాసారంభమున అన్నగారి యింటికి వెళ్లితిమి. అది సరివి పూచు కాలము. చెట్లకొనలయందు గోధుమవన్నె కంకులు దట్టముగా నుండెను. కొమ్మ తాకినంతనే పసుపుపచ్చని పొడి పొగవలె లేచెను. ఆ పొడి మా యుత్తరీయముమీద పడుట చూచి, లోపల వదినగారి దగ్గు విని, మేము పాఠము చెప్పు ధోరణిలో నిట్లంటిమి: "అన్నయ్యా, వదిన ఆయాసమునకు వేఱు కారణము వెదకనేల? ఈ పుప్పొడియే. సరివిపుప్పొడి కొందఱికి పడదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు."

మేము చెప్పినది అబద్ధము కాదు. సరుగుడు పుప్పొడి సరిపడనివారు కలరనుట సత్యమే. అయితే కొందఱికి పడదనుట వేఱు, ఈమెకు పడలేదనుట వేఱు. ఈ రెంటికి నడుమనున్న దూరమును మేము ఒక్క యూపిరిలో దాటితిమి. మా అన్నగారికి మా చదువుమీద గురి యెక్కువ. మూడవనాడే కఱ్ఱవర్తకుడు వచ్చి చెట్లను లెక్కపెట్టుకొని, బయానా యిచ్చి, శివరాత్రి వెళ్లినతోడనే కొట్టింతునని పోయెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా తండ్రిగారు కడవలతో నీరు మోసి బ్రదికించిన చెట్లు అవి. ఒక్క మాటతో వానికి మరణశాసనము వ్రాసితిమి. ఆ మాటకు మాయొద్దనున్న సాక్ష్యమేమి? ఆ పుప్పొడిరేణువు ఎంత పెద్దది? ఎంత బరువైనది? ఎంతదూరము పోవును? ఏవేళ గాలిలో నుండును? ముక్కుదాటి ఊపిరితిత్తులలోనికి పోగలదా? ఈ ప్రశ్నలలో నొక్కదానికైనను మేము ఉత్తరము చెప్పజాలమైతిమి. ముప్పదియేండ్లు పిల్లలకు "చూచి వ్రాయుడు, ఊహించి వ్రాయకుడు" అని చెప్పిన నోరే ఊహించి తీర్పు చెప్పెను. తెల్లవారినతోడనే అన్నగారిని శివరాత్రివఱకు గడువు కోరితిమి. ఆలోపల ఈ పొడిని కొలిచి చూతుమనియు, కొలతకూడ మా మాటనే చెప్పినయెడల చెట్లు కొట్టించవచ్చుననియు చెప్పితిమి. అన్నగారు నవ్వి యొప్పుకొనిరి.

గాలిలోని పొడిని పట్టి లెక్కించుట మా క్రొత్తయూహ కాదు. ఇంగ్లాండులో మాంచెస్టరు నగరపు వైద్యుడు ఛార్లెస్ బ్లాక్లీ తానే పుప్పొడితుమ్ములతో బాధపడుచు, జిగురు పూసిన గాజుపలకలను ఆరుబయట నుంచి, వానిమీద పడిన రేణువులను దినదినము లెక్కించి, ఆ లెక్కను తన బాధతో సరిపోల్చి 1873లో గ్రంథముగా ప్రకటించెను. గాలిపటములకు పలకలు కట్టి వేయి యడుగులకు మించిన యెత్తునకు పంపి అచ్చటకూడ పుప్పొడి కలదని కనుగొనెను. అదేకాలమున కలకత్తాలో డేవిడ్ కన్నింగ్‌హామ్ అను వైద్యుడు అచ్చటి చెఱసాలల యావరణములలో గాలిని పరీక్షించి, దానియందలి బీజరేణువులను, పుప్పొడిని చిత్రించి లెక్కించెను. గాలిలోని రేణువులు పెరిగినప్పుడు జ్వరములును, కలరా మొదలగు రోగములును పెరుగునేమో యని ఆయన పరిశోధన. తీరా చూడగా రెంటికిని సంబంధము కనబడలేదు. లేదనియే ఆయన వ్రాసెను. వెదకినది దొరకనప్పుడు దొరకలేదని వ్రాయుటకు మిక్కిలి ధైర్యము కావలెను; మాకు అక్కఱకు వచ్చినది ఆ ధైర్యమే. మనవారును ఈ విషయమున వెనుకబడలేదు. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు చెందిన సి. సుబ్బారెడ్డిగారును, ఎన్. ఎస్. రెడ్డిగారును గాలిమూలమున పరాగము పంచుకొను మొక్కలు ఎంతెంత పుప్పొడి పుట్టించునో లెక్కించి 1986లో 'గ్రానా' యను అంతర్జాతీయ పత్రికలో ప్రకటించిరి.

మా పరికరములు స్వల్పములు. ఒక పాఠశాలనుండి ఎరువు తెచ్చిన పాత సూక్ష్మదర్శిని, గాజుపలకల పెట్టె, వ్యాసలైను డబ్బా, మిల్లీమీటరును నూరు భాగములుగా గీచిన గాజుబిళ్ల. పెరటిలో నొక గుంజ పాతి, వాన, మంచు పడకుండ పైన రేకుకప్పు వేసి, దానిక్రింద వ్యాసలైను పూసిన పలక నుంచుచుంటిమి. సూర్యోదయమున నొకటి తీసి యొకటి పెట్టుట, సూర్యాస్తమయమున మరల మార్చుట. ఈ పనికి మా అన్నగారి చిన్నకుమారుడు మాకు తోడయ్యెను. చేపలు తెచ్చు ముసలమ్మ యొకతె దినమును మా గుంజను చూచి చూచి, ఒకనాడు బుట్ట దింపి, "ఏటి బాబూ, ఆ దుమ్ము కొలిసి ఏటి సేత్తారు?" అని యడిగెను. అప్పుడు మేము ఉత్తరము చెప్పలేకపోతిమి. 1827లో రాబర్ట్ బ్రౌన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు పుప్పొడిలోపలి సూక్ష్మకణములు నీటిలో నెడతెగక గంతులిడుట చూచి వ్రాసిపెట్టెననియు, అణువు లున్నవని లోకము నమ్ముటకు 1905లో ఐన్‌స్టైను చేసిన లెక్క ఆ గంతులమీదనే నిలిచినదనియు చెప్పవచ్చును. కాని ఆమె యడిగినది అది కాదు. ఇంటిలో నొకరు ఊపిరాడక కూర్చుండగా ఈ పెద్దమనిషి గాజుముక్కలతో నాడుకొనుటయేమి యని యామె యడిగినది. ఆ ప్రశ్న న్యాయమైనదే.

మొదట పరిమాణమును కొలిచితిమి. మిల్లీమీటరును వేయిభాగములు చేసిన అందొకభాగము మైక్రాను. మన తలవెండ్రుక మందము డెబ్బదిమైక్రాన్లకు అటునిటుగా నుండును. సరివిరేణువులను నూఱింటిని కొలువగా ఎక్కువభాగము 25 మొదలు 32 మైక్రాన్లలోపున నుండెను. నడిమిలెక్కగా 28 అనుకొంటిమి. గుండ్రనిరేణువు, అంచున మూడు రంధ్రములు. ఎండలో పొడిగా నున్నప్పుడు కొంచెము ముడుచుకొనియుండును. నీటిబొట్టు తగిలినంతనే ఉబ్బి నిండుగా నగును. నీటిబరువే దీనికిని ఉన్నదనుకొని లెక్కవేసిన ఒక గ్రాముపొడిలో ఎనిమిదికోట్లకు పైబడిన రేణువు లుండవలెను. పోలికకు చెప్పుచున్నాము: మొక్కజొన్న పుప్పొడి 80 మొదలు 100 మైక్రానులు, వయ్యారిభామ పుప్పొడి 20కి లోపే.

తరువాత తూకము. ఇంత చిన్నవస్తువును త్రాసులో నిడజాలము గావున దాని పాటునుబట్టి తూచవలెను. గాలిలో చిన్నగోళము పడునప్పుడు దాని వేగము వ్యాసముయొక్క వర్గమునుబట్టి యుండునని స్టోక్స్ అను గణితజ్ఞుడు 1851లో నిరూపించెను. అనగా రేణువు రెండింతలు పెద్దదైన నాలుగింతలు వేగముగా పడును; మూడింతలైన తొమ్మిదింతలు. దీనిని పరీక్షింప రెండుమీటర్ల వెడల్పాటి నీటిగొట్టము నొకదానిని తలుపులు మూసిన గదిలో నిలువుగా నిలిపితిమి. పైన మేము కంకిని తట్టుదుము. క్రింద పిల్లవాడు "పది, ఇరువది, ముప్పది" యని కేకవేయుచు పదేసి సెకన్ల కొక పలకను మార్చును. రేణువులు కొన్ని ముద్దలు గట్టి ముందుగా దిగినవి. ఒంటరిరేణువులు మాత్రము డెబ్బదికిని నూఱింటికిని నడుమ దట్టముగా పడినవి. స్టోక్సుని లెక్క ప్రకారము 28 మైక్రాన్ల రేణువు సెకనుకు రెండున్నర సెంటీమీటర్లకు కొంచెము తక్కువగా దిగవలెను. రెండుమీటర్లకు సుమారు 84 సెకన్లు పట్టవలెను. లెక్కయు, పలకయు ఇంతచక్కగా కలిసినప్పుడు మా కానందభాష్పములు వచ్చినవని చెప్పిన చదువరులు నవ్వుదురు గాక.

ఈ యొక్క సంఖ్య చేతికి వచ్చినతోడనే అనేకవిషయములు తమంతట విడివడినవి. మా చెట్లు పండ్రెండు మీటర్ల యెత్తు. కొననుండి విడిన రేణువు నేలకు దిగుటకు ఎనిమిది నిమిషములకు పైన పట్టును. సముద్రతీరపు గాలి సెకనుకు అయిదుమీటర్లు వీచినదనుకొందము. ఆ యెనిమిది నిమిషములలో రేణువు రెండున్నర కిలోమీటర్లు పోవును. మా యింటికిని చెట్లకును దూరము ముప్పదిమీటర్లు. ఆ దూరము దాటునప్పటికి రేణువు జానెడైనను దిగదు. గాలి సుడులు తిరుగుచు కొంత దింపును, కొంత లేపును. కాని మొత్తముమీద మా సరివిపుప్పొడిలో నెక్కువభాగము మా కప్పు దాటి, ఊరు దాటి ఎక్కడనో రాలును. మా పెరటిపలకమీద రాలునది తీరము వెంబడి ఏటవాలుగా వీచు గాలిలో ఎవరి తోటనుండియో వచ్చినదియు కావచ్చును. మన తీరమున సరుగుడు ఒకరి సొత్తు కాదు. పందొమ్మిదవ శతాబ్దమున రైలుయింజన్లకు కఱ్ఱ కావలసి చెన్నపురి రాజధానిలో విరివిగా నాటింపబడినది మొదలు ఇసుక యున్నచోటనెల్ల నున్నది. అట్టిచో అరువదిచెట్లు కొట్టినంతమాత్రమున గాలి శుభ్రపడునా? మా తీర్పులో మొదటి పగులు ఇచ్చట కనబడినది.

రెండవపగులు వేళనుబట్టి కనబడినది. పగటిపలకలమీద రేణువులు లెక్కకు మిక్కిలిగా నుండెను, రాత్రిపలకలమీద బహుస్వల్పము. ఇందు వింత లేదు. మంచుకు తడిసియున్నంతసేపు కంకులు విచ్చుకొనవు; ఎండ సోకి ఆరినపిదపనే పొడి విడుచును. అదియుగాక మా తీరమున పగటివేళ గాలి సముద్రమునుండి నేలకు వీచును. రాత్రివేళ నేలనుండి సముద్రమునకు వీచును. కావున తెల్లవారుజామున ఏదేని రేణువు విడినను అది మా యింటినుండి సముద్రమువైపు పోవలయునేగాని యింటిలోనికి రాదు. వదినగారి ఆయాసము మాత్రము తెల్లవారుజాముననే.

ఈ మాటను మేము మా జ్ఞాపకమునుబట్టి చెప్పుటలేదు. ఆయాసము వచ్చినప్పుడెల్ల గోడమీది క్యాలెండరులో ఆనాటి గడిలో నొక చుక్క పెట్టుడని వదినగారిని కోరితిమి. పొద్దున వచ్చినచో గడి పైభాగమున, సాయంకాలము వచ్చినచో క్రిందిభాగమున. ఆమె పెట్టిన చుక్కలన్నియు రెండు బారులు తీరినవి. నడిమధ్యాహ్నమున, అనగా పుప్పొడి విస్తారముగా గాలిలోనున్న సమయమున, ఒక్క చుక్కయు లేదు. మఱియు, మాఘమున మా వీథిలో నొక వివాహము జరిగినది. మూడుదినములు మా యింటివారందఱు పెండ్లివారింటనే భోజనము చేసిరి. ఆ మూడుదినములును చెట్లు పొడి విడుచుచునేయుండెను. పలకలు పసుపుపచ్చగా నుండెను. క్యాలెండరులో మూడు గడులును శుభ్రముగా నుండెను.

దోషి ఎవ్వరో మాకు అప్పటికిని తోచలేదు. తోచినది మా పిల్లవానికి. వాడు ఆటకొఱకు ఒక వ్యాసలైనుపలకను పెరటిపంచలో పొయ్యిప్రక్కన గూటిలో పెట్టి మఱచిపోయెను. రెండుదినముల తరువాత తెచ్చి, "చిన్నాన్నా, దీనిని చూడు" అనెను. సూక్ష్మదర్శిని క్రింద నుంచగా అందు పుప్పొడి ఒకటి రెండు రేణువులు మాత్రమే, తక్కినదంతయు కాటుక. నల్లనిపొడి గొలుసులుగా, గుత్తులుగా పేరుకొని వెలుతురే చొరకుండ నుండెను. గుత్తులు మాత్రమే మాకు కనబడినవి. ఆ పొగకణములలో ననేకములు మైక్రానులో సగముకూడ లేనివగుటచే మా పరికరమునకు అందలేదు.

ఇప్పుడు మా గొట్టపులెక్కను ఈ పొగకు పట్టించి చూడుడు. అరమైక్రాను కణము 28 మైక్రాన్ల రేణువులో 56వ వంతు; కావున దానికంటె మూడువేలరెట్లు మెల్లగా దిగును. గంటసేపటికి నాలుగు సెంటీమీటర్లైనను దిగదు. అనగా అది పడదు, గదిలో వ్రేలాడుచుండును. పొయ్యియొద్ద కూర్చున్నవారు పీల్చుటయే దానికి గతి. మన ముక్కు చక్కని జల్లెడ. పదిమైక్రాన్లకు మించిన రేణువులలో ననేకము ముక్కులోను, గొంతులోను చిక్కుకొనును; అందుచేతనే పుప్పొడి సరిపడనివారికి ముఖ్యముగా తుమ్ములు, కంటిదురద, ముక్కునీరు కలుగును. ఇవి మా వదినగారికి ఎన్నడును లేవు. పొగకణములు ఆ జల్లెడ రంధ్రములకంటె మిక్కిలి చిన్నవి. అవి తిన్నగా ఊపిరితిత్తుల లోతులకు పోవును. గృహములలో వంటపొగ మొదలగువాని మూలమున 2020వ సంవత్సరమున లోకమున ముప్పదిరెండులక్షలమంది మరణించిరని ప్రపంచారోగ్యసంస్థవారి యంచనా.

మా యింట గ్యాసుపొయ్యి లేదా యని చదువరు లడుగవచ్చును. ఉన్నది. 1999లో దీపము పథకము వచ్చినప్పటినుండి మా ఊర గ్యాసుపొయ్యి లెఱుగని యిల్లు లరుదు. మా యింటి పొయ్యి అందమైన గుడ్డ కప్పుకొని అటకప్రక్క కొలువుదీరి, చుట్టములు వచ్చినప్పుడు కాఫీకి మాత్రము వెలుగుచుండెను. సిలిండరు ధర హెచ్చు, సరివియాకు ఉచితము. అన్నము, పప్పు, స్నానపునీళ్లు మొదలగు బరువుపనులన్నియు పెరటిపంచలోని కట్టెపొయ్యిమీదనే. అందులోనికి ఇంధనము చెట్లక్రింద నూడ్చితెచ్చిన యెండిన సరివియాకే. అది భగ్గున మండును, చప్పున చల్లారును, మరల మరల వేయవలెను, వేసినప్పుడెల్ల పొగ. తెల్లవారుజామున ఒకసారి, ప్రొద్దుక్రుంకువేళ నొకసారి. క్యాలెండరులోని రెండు చుక్కలబారులు ఇవే.

పలకను తీసికొని వదినగారియొద్దకు వెళ్లి మా యాలోచన చెప్పితిమి. ఆమె ఆశ్చర్యపడలేదు. "పొయ్యి ముట్టించినకాడినుండి గుండెలో పట్టేస్తాది బాబూ. పూతకేటి, పూత లేని నాడూ అంతే. పదేళ్లుగా చెప్తన్నాను" అనిరి. మేము అన్నగారి ముఖము చూచితిమి; అన్నగారు మా ముఖము చూచిరి. ఆమె చెప్పుట నిజము. పండుగలకు వచ్చినప్పుడెల్ల మేమును వినియుంటిమి. వంటయింటి సణుగుడుగా విని విడిచితిమి. పీల్చినది ఆమె, దగ్గినది ఆమె, వేళయెఱిగినది ఆమె. కారణము చెప్పు నధికారము మాత్రము మాకు దక్కినది. సూక్ష్మదర్శినియు, స్టోక్సుని లెక్కయు, రెండుమీటర్ల గొట్టమును కలిసి నెలదినములకు తేల్చినవిషయమును ఆమె పదియేండ్ల క్రిందట ఒక్క వాక్యమున చెప్పియుండెను. కొలతను మేము తక్కువచేయుటలేదు. కొలత లేనిచో మా అన్నగారును, మేమును ఆమె మాటను ఇప్పటికిని నమ్మియుండము. ఆ విషయమే మాకు మిక్కిలి సిగ్గు కలిగించినది.

పుప్పొడి యెల్లవేళల నిరపరాధి యని మేము తీర్పు చెప్పుటలేదు. ఒక తప్పుడు తీర్పు చాలును. 2016 నవంబరు 21వ తేదీ సాయంకాలమున ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరముమీదికి గాలివాన వచ్చినది. గడ్డిపుప్పొడి తేమకు పగిలి, ఊపిరితిత్తులకు చేరగల చిన్నతునుకలై గాలినిండెనని పండితులు చెప్పుదురు. వేలకొలది జనులు ఊపిరాడక వైద్యశాలలకు పరుగెత్తిరి, పదిమంది మరణించిరి. పెద్దరేణువు ముక్కులో నాగును, పగిలినరేణువు లోపలికి పోవును. కావున పరిమాణము తెలియక ఎవ్వరిని దోషియనరాదు, ఎవ్వరిని నిర్దోషియనరాదు. మా పెరటి సరివి కొందఱికి తుమ్ములు తెప్పించును గాక. మా వదినగారి ఆయాసమునకు అది కారణమని నిలువలేదు. ఆ చెట్టునకు ఈ వ్యవహారమున సంబంధము లేకపోలేదు. దాని యాకే పొయ్యిలో మండినది. కాని ఆకును పొయ్యిలో పెట్టించినది చెట్టు కాదు, మా పొదుపు.

శివరాత్రికి ముందే అన్నగారు బయానా తిరిగి యిచ్చివేసిరి. వర్తకుడు కొంత గొణిగెను. గ్యాసుపొయ్యి గుడ్డ తీసికొని వంటయింటి నడుమకు వచ్చినది. సిలిండరుఖర్చు నెలకు ఇంత యని అన్నగారు రెండునెలలు లెక్క చెప్పుచుండిరి, పిమ్మట మానిరి. స్నానపునీళ్లపొయ్యి పంచనుండి ఆరుబయటకు పోయినది. దానిని ముట్టించుపని అన్నగారిది. సరివియాకును ఇప్పుడు కొబ్బరిపాదులలో కప్పుచున్నారు. వదినగారిని మరల టెక్కలి వైద్యునియొద్దకు తీసికొనిపోగా ఆయన, పొగ మానుట మంచిదనియు, పదియేండ్లలో జరిగిన చెఱుపు అంతయు తీరునది కాదనియు, పీల్చుమందు నిత్యము వాడవలసినదే యనియు నిష్కపటముగా చెప్పిరి. అలమరలోని మందు బయటికి వచ్చినది.

మొన్న జ్యేష్ఠమాసమున మరల వెళ్లి ముందుగా క్యాలెండరు చూచితిమి. చుక్కలు తగ్గినవి, పూర్తిగా పోలేదు. వారమున కొకటి, రెండు కనబడుచున్నవి. ఆ చుక్కలలో కొన్నింటికి మేమును బాధ్యులము. పదియేండ్ల క్రిందటనే ఆమె మాట వినియుండిన అవి యుండకపోవును.

చదువరులారా, మీ యిండ్లలో సూక్ష్మదర్శిని యుండవలసిన పని లేదు. ఒక క్యాలెండరు, ఒక కలము చాలును. బాధపడువారిచేతికి ఆ కలము నిండు. బాధ యేవేళ వచ్చునో, ఏపని చేయునప్పుడు వచ్చునో వారినే గుర్తుపెట్టుమనుడు. నెల గడచినపిదప ఆ గుర్తులను కూర్చుండి చదువుడు. అంతవఱకు చెట్టునైనను, గ్రహమునైనను, మనుష్యునైనను దోషియనకుడు. చేపలముసలమ్మకు ఆనాడు మేము ఇయ్యలేకపోయిన యుత్తరము ఇదియే.